ఆరేళ్ల గ్రాఫిక్స్ కార్డు: ఐదో ఏట లేచిన పచ్చ గళ్లు

ఈ కార్డు కొని ఆరేళ్లు దాటింది. 8 గిగాబైట్ల జీడీడీఆర్6 మెమరీ, రెండు ఫ్యాన్లు, 8 పిన్ల పవర్ కనెక్టర్ ఒకటి. మొదటి నాలుగేళ్లూ అసలు పెట్టెలో ఉందన్న సంగతే గుర్తు రానంత నిమ్మళంగా పనిచేసింది. ఐదో ఏట మొరాయించింది. ఈ సమీక్ష చాలావరకు ఆ తిప్పల గురించే.

ఆట మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకు తెర మీద చిన్న చిన్న పచ్చ గళ్లు లేచేవి, లెక్కల పుస్తకంలో గళ్ల కాగితంలా వరసగా. కాసేపటికి తెర నల్లబడి మళ్లీ వచ్చేది. గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే విండోస్ తనే డ్రైవర్‌ని (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ని) ఆపి తిరిగి లేపుతుంది. విండోస్ చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో అది 4101 నంబరుతో పడుతుంది. ఒక్క వారంలో నాకు పడ్డవి పదిహేడు.

డ్రైవర్ మీద అనుమానంతో సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూ అనే డ్రైవర్లు తొలగించే ప్రోగ్రామ్‌తో పాతదాన్ని మొత్తం ఊడ్చేసి కొత్తది ఎక్కించాను. తేడా లేదు. తర్వాత చేసిన పనే నిజానికి మొదట చేయాల్సింది: గళ్లు కనిపిస్తుండగానే స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోన్‌లో చూడటం. బొమ్మలో గళ్లు లేకుండా తెర మీద మాత్రమే ఉంటే ముందు మానిటర్‌నీ కేబుల్‌నీ చూసుకోవాలి. నా బొమ్మలో గళ్లు భేషుగ్గా ఉన్నాయి. పవర్ కేబుల్ మార్చాను, కనెక్టర్ ప్లాస్టిక్ ఎక్కడైనా కమిలిందేమో చూశాను. శుభ్రంగానే ఉంది. చివరికి స్నేహితుడి కంప్యూటర్‌లో పెడితే అక్కడా అవే గళ్లు. దొంగ దొరికాడు.

ఒక్క సంగతి మాత్రం ఆశ పెట్టింది. చల్లగా ఉన్నప్పుడు, విండోస్ కన్నా ముందు వచ్చే బయోస్ తెర మీద మచ్చ కూడా లేదు. ఆన్ చేయగానే అక్కడే గళ్లొస్తే మెమరీ చిప్పో, దాని కింది టంకమో పోయిందేమోనని భయపడాలి. నాది వేడెక్కాకే. ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో చూస్తే కోర్ (గ్రాఫిక్స్ చిప్) 74 డిగ్రీలు, హాట్‌స్పాట్ (ఆ చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) 103, మెమరీ 102. కొత్తలో కోర్‌కీ హాట్‌స్పాట్‌కీ మధ్య పదిహేనుకు మించని తేడా ఇప్పుడు 29కి చేరింది. అంటే చిప్ వేడిని హీట్‌సింక్‌కు (పైనున్న లోహపు దిమ్మకు) చేరవేసే పేస్టు పనిచేయడం మానేసింది.

విప్పడానికి ముందు కార్డును పది నిమిషాలు నడిపి గోరువెచ్చగా చేశాను. ఎండిన పేస్టు చిప్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు గుంజకూడదు, అటూ ఇటూ మెల్లగా కదిపితే వదులుతుంది. ఫ్యాన్ వైర్లు ఇంకా బోర్డుకే తగిలి ఉంటాయి, హడావుడిగా లేపితే తెగుతాయి. లోపల పేస్టు చిప్ అంచులకు జారిపోయి, నడిమధ్య అద్దంలా మెరుస్తోంది. మెమరీ వేడిని హీట్‌సింక్‌కు అందించే మెత్తటి థర్మల్ ప్యాడ్లు నూనె కక్కి ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద చిప్ అచ్చు సగమే పడింది. అంటే మిగతా సగం ఇన్నేళ్లూ హీట్‌సింక్‌కు ఆననే లేదు! తయారీదారు మీద నా ఫిర్యాదు ఇదే.

ఇక్కడ నేనూ ఓ తెలివితక్కువ పని చేశాను. మందంగా ఉంటే మంచిదే కదా అని 2 మిల్లీమీటర్ల ప్యాడ్లు పరిచాను. హీట్‌సింక్ పైకి లేచి కోర్‌కు సరిగా ఆనలేదు. నిమిషం తిరక్కుండా హాట్‌స్పాట్ 105. మళ్లీ విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 1.5 మిల్లీమీటర్లవి వేసి, కోర్ చుట్టూ ఉన్న నాలుగు స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాను. ఈసారి కోర్ 68, హాట్‌స్పాట్ 83, మెమరీ 86.

కార్డును ఓవెన్‌లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సీసం లేని టంకం కరగడానికి దాదాపు 217 డిగ్రీలు కావాలి. ఆ వేడికి ప్లాస్టిక్ కనెక్టర్లూ కెపాసిటర్లూ ఏమవుతాయో వాళ్లు చెప్పరు. కొన్నాళ్లు బతికినట్టు కనిపించినా రోగం అలాగే ఉంటుంది. పైగా ఆ పొగలు మనం తినే తిండికి అంటుకుంటాయి.

నాది పూర్తిగా నయమైందనీ చెప్పలేను. గళ్లు పోయాయి గానీ, మెమరీ పరీక్షను గంటసేపు నడిపితే రెండో మూడో తప్పులు దొర్లాయి. ఏళ్ల తరబడి కాలిన చిప్ ఒకటి నీరసించినట్టుంది. చిప్ మార్చడమంటే హాట్ ఎయిర్, మైక్రోస్కోప్ ఉన్నవాళ్ల పని. నేను మెమరీ క్లాక్‌ను, అంటే దాని వేగాన్ని, 100 మెగాహెర్ట్జ్ తగ్గించాను. తప్పులు సున్నా. ఆటలో ఆ తేడా నా కంటికి ఆనలేదు.

అలా ఏడాదికి పైగా నడుస్తోంది. మొన్న రాత్రంతా పరీక్ష పెట్టి పడుకున్నా, పొద్దున్నకు ఒక్క తప్పూ లేదు. ఎడమ ఫ్యాన్ మాత్రం కీచుమనడం మొదలుపెట్టింది.