బీఈడీనా, ఎంఎస్‌డబ్ల్యూనా, ఎంఏ ఎడ్యుకేషనా?

"పల్లెల్లో పిల్లల చదువు కోసం పనిచేయాలనుంది, ఏం చదవాలి?" అని డిగ్రీ చివరి సంవత్సరం వాళ్లు అడిగితే మన దగ్గర రెడీగా ఉండే జవాబు బీఈడీ. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) పేరెత్తితే "ఆ ఎన్జీవో చదువా?" అని ఇంట్లోవాళ్లు పెదవి విరుస్తారు. విద్యా వ్యవస్థనే సబ్జెక్టుగా చదివే ఎంఏ ఎడ్యుకేషన్ అని ఒకటుందని చాలామందికి తెలియనే తెలియదు. పైకి మూడూ ఒకే దారిలా కనిపిస్తాయి గానీ నేర్పే పని వేరు, వచ్చే ఉద్యోగమూ వేరు.

గద్వాల ప్రాంతాన్నే తీసుకోండి. అక్కడ హైబ్రిడ్ పత్తి విత్తనాల సాగు ఎక్కువ. క్రాసింగ్, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని, మొదలైందంటే బడిలో పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు తగ్గిపోతారు. ముందురోజు సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దాలి. చిన్న చేతులైతే పని బాగా సాగుతుందన్నది చేలల్లో చెప్పే సాకు. ఏడో తరగతి పిల్ల ఒకతి ఇలా నెలరోజులు రాలేదనుకుందాం. బీఈడీ చేసిన టీచర్‌కు అది రిజిస్టర్‌లో వరుసగా పడే ఆబ్సెంట్. ఆ పిల్ల తిరిగొచ్చాక, మిగతా క్లాసు ముందుకెళ్లిపోయి ఉండగా, పోయిన భిన్నాల పాఠం ఎలా అందించాలన్నది ఆ టీచర్ విద్య. అది తేలికైనదేమీ కాదు. ఎంఎస్‌డబ్ల్యూ చదివిన వ్యక్తి పని ఆ పిల్ల ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుంది. విత్తన కంపెనీకీ రైతుకూ మధ్యవర్తిగా ఉండే సీడ్ ఆర్గనైజర్ దగ్గర అడ్వాన్స్ ఎంత తీసుకున్నారు, దాన్ని తీర్చడానికి మహిళా సంఘంలో అప్పు దొరుకుతుందా, ఆ తండ్రి ఎవరి మాటకు తగ్గుతాడు? ఇవన్నీ కనుక్కోవాలి. ఎంఏ ఎడ్యుకేషన్ చదివినవాళ్లు ఇంకాస్త దూరం నుంచి చూస్తారు: ఏటా ఇదే జరుగుతున్నప్పుడు సిలబస్, పరీక్షలు, టీచర్ల ట్రైనింగ్ ఈ పిల్లల్ని లెక్కలోకి తీసుకుంటున్నాయా అని. రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల్ని పనిలోంచి తప్పించి, పోయిన చదువును అందించే బ్రిడ్జి క్యాంపుల్లో చదివించి, బడిలో వాళ్ల వయసుకు తగ్గ క్లాసులో చేర్చింది. ఇంటింటికీ తిరిగేవాళ్లు, చదువు చెప్పేవాళ్లు ఇద్దరూ ఉండబట్టే అది సాధ్యమైంది. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఈ కృషికే.

ఇక కడుపు నిండే సంగతి. బీఈడీ ఒక లైసెన్సు లాంటిది. అది లేకుండా స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచర్) పోస్టు రాదు. అందుకే ఓ మోస్తరు కాలేజీలో చదివినా ఆ కాగితం పనిచేస్తుంది. ఎడ్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరితే రెండేళ్లు, అందులో 20 వారాలు బడుల్లో ఇంటర్న్‌షిప్. చిక్కల్లా ఎదురుచూపుతోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత పెద్ద డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల భర్తీ) అంటే 2025లో వచ్చిన 16,347 పోస్టులదే. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ భర్తీ జరిగింది 2024లో, 11,062 పోస్టులకు. నడుమ ఆ ఏళ్లన్నీ ప్రైవేటు స్కూలు జీతంతో, టెన్షన్‌తో నెట్టుకురావాలి. పైగా ప్రైమరీ క్లాసులకు బీఈడీ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. చిన్న పిల్లలకే చెప్పాలని ఉంటే బీఈడీ జోలికి పోకుండా ప్రైమరీ టీచర్ల డిప్లొమా అయిన డీఈడీ చేయడమే దారి.

ఎంఎస్‌డబ్ల్యూ సంగతి దీనికి తలకిందులు. అక్కడ కాగితం కన్నా చదివిన చోటుకే విలువ. ఏ డిగ్రీ ఉన్నా చేరొచ్చు, అదొక సుఖం. వారంలో రెండు రోజులు ఫీల్డ్‌వర్క్, ఏటా గ్రామీణ క్యాంపు నిజంగా జరిగే చోట చదివితే మనిషి మాట తీరే మారిపోతుంది. ఫీల్డ్‌వర్క్ రిపోర్టు హాస్టల్ గదిలో రాసి ఇచ్చే కాలేజీలూ ఉన్నాయి. అలాంటి చోట రెండేళ్లు గడిపే కన్నా ఏదైనా స్వచ్ఛంద సంస్థలో చేరిపోవడం నయం, కనీసం నెలకింత చేతికొస్తుంది. ఉద్యోగాల విషయానికొస్తే ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం. కంపెనీలు సామాజిక సేవకు ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు ఇంకో జిల్లాకు మళ్లితే మనమూ మూటాముల్లె సర్దుకోవాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో పోస్టులున్నా చాలావరకు కాంట్రాక్టువే.

ఎంఏ ఎడ్యుకేషన్‌కు హైదరాబాద్‌లోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ మన పిల్లలు ఎక్కువగా చూసేవి. ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు సాయం దొరికే అవకాశం ఉంది కాబట్టి ఖర్చు చూసే వెనకడుగు వేయొద్దు. చదవాల్సిందంతా ఇంగ్లిష్‌లో. తెలుగు మీడియం వాళ్లకు మొదటి సెమిస్టర్ గట్టిగానే తగులుతుంది. ఇంకో మాట: "ఎంఏ కదా, బీఈడీ కన్నా పెద్దదే కదా" అనుకుని డీఎస్సీకి పనికొస్తుందని చేరేవాళ్లున్నారు. పనికిరాదు.

నన్నడిగితే, ఇంటి భారం మీదున్నవాళ్లు ముందు బీఈడీ చేసి, రెండు మూడేళ్లు బడిలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఎంఏ ఎడ్యుకేషన్‌కు వెళ్లడం మేలు. పిల్లల మధ్య గడిపి వచ్చినవాళ్లకు అక్కడి పుస్తకాలు వేరేగా అర్థమవుతాయి. నలభై మంది ముందు నిలబడి రోజూ అదే పాఠం చెప్పడం మీ వల్ల కాదనిపిస్తే మాత్రం మొహమాటపడి బీఈడీ చేయకండి, ఎంఎస్‌డబ్ల్యూ వైపు వెళ్లండి. సీటు వచ్చిన చోట డబ్బు కట్టే ముందు ఇద్దరు ముగ్గురు సీనియర్లను పట్టుకుని అడగండి: పోయిన నెల ఫీల్డ్‌వర్క్‌కు ఏ ఊరు పంపారు, మీరు రాసిచ్చిన రిపోర్టు ఎవరు చదివారు, చదివి ఏమన్నారు?