ఆరేళ్ళుగా నా చేతిలో ఉన్న మెజోటింట్ రాకర్

నలుపు కోసమే కొన్నాను, ఆ నలుపు కోసమే ఇంకా వాడుతున్నాను. మెజోటింట్ అంటే రాగి ప్లేటంతా గరుకు చేసి, వెలుగు కావాల్సిన చోట నునుపు చేస్తూ బొమ్మ తీసే ముద్రణ పద్ధతి. ప్లేటు మీద అటూ ఇటూ ఊపుతూ ఆడించి ఆ గరుకు పట్టించే, వంపు అంచున పళ్ళున్న పనిముట్టే రాకర్. నాది అంగుళానికి 85 పళ్ళది. రాగి ప్లేటును ఇరవై దిక్కుల్లో ఓపిగ్గా గరుకు పట్టించి, సిరా పూసి తుడిచి ప్రెస్‌లో తీస్తే కాగితం మీద ముఖమల్ లాంటి నలుపు దిగుతుంది. వేలితో తాకబుద్ధేస్తుంది. ప్లేటును ఆమ్లంతో కొరికించి నీడలు తెచ్చే ఆక్వాటింట్‌లో నాకు ఇంత లోతు ఎప్పుడూ రాలేదు. అక్కడ నీడ మెట్లు మెట్లుగా ముదురుతుంది. ఇక్కడ లేచి నిలబడ్డ రాగి ముళ్ళను స్క్రేపర్‌తో గీకుతూ, బర్నిషర్‌తో నునుపు చేస్తూ చీకట్లోంచి మెల్లగా వెలుగులోకి రావచ్చు.

నాలుగో ఏడు పళ్ళు మొద్దుబారాయి. సానరాయి మీద నేనే పట్టాను. ఏటవాలుగా ఉన్న వైపే సాన పట్టాలి, ఆ వాలు మారకూడదు, అంచు వంపు చెడకూడదు. ఇవన్నీ తెలుసు. అయినా మధ్యలో చెయ్యి ఎక్కువ ఒత్తినట్టుంది, అక్కడ వంపు చదునైపోయింది. కంటికి కనబడలేదు. మూడు వారాలు ఆడించిన ప్లేటు వెలుతురుకి పట్టి చూస్తే అంతటా ఒకేలా మసకగా ఉంది. ధైర్యంగా బొమ్మ మొదలుపెట్టాను: చీకటి మూల, అందులో ఒక కూజా. తొలి ప్రతి ఎత్తి చూస్తే చీకట్లో చీపురు ఊడ్చినట్టు బూడిదరంగు చారలు. ఆ రోజు ఇంకేం ముట్టుకోలేదు.

పళ్ళ చక్రంతో పూడ్చబోయాను. 1642లో తొలి మెజోటింట్ చేసిన లుడ్విగ్ ఫాన్ సీగన్ అలాంటి చక్రాలతోనే నీడలు పట్టించాడు కదా అన్న ఆశ. కానీ ఆ చుక్కల అల్లిక వేరు, రాకర్ గరుకుతో కలవలేదు. ప్లేటు పోయింది.

ఇప్పుడు సానకు ముందు ఏటవాలు అంతా మార్కర్‌తో రంగు పూస్తాను. రెండు మూడు సార్లు రుద్ది భూతద్దంలో చూస్తే రాయి ఎక్కడ తగిలిందో, ఎక్కడ తగల్లేదో రంగే చెబుతుంది. తర్వాత రాగి ముక్క మీద ఆడించి ఒక ప్రతి తీస్తాను. అది నల్లగా వస్తేనే అసలు ప్లేటు.

ముఖమల్ నలుపు అన్నాను కానీ, అది మొదటి ప్రతుల మాట. ప్రెస్ ఒత్తిడికి ముళ్ళు అణిగిపోతాయి, నా ప్లేట్లలో ఇరవయ్యో ప్రతికే తేడా తెలుస్తోంది. ఉక్కు పూత వేయిస్తే ఎక్కువ ప్రతులు వస్తాయి, నాకు ఆ అవసరం పడలేదు. అరచేయంత ప్లేట్లు, పది పన్నెండు ప్రతులు, రోజుకో గంట పని నాది. అంతవరకూ ఈ రాకర్ చాలు. పెద్ద ప్లేట్లు చేసేవాళ్ళకి, మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకి మాత్రం కొనమని చెప్పలేను.