ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీనా, 4060 8 జీబీనా: ఏది మేలు?

"4060 ఉండగా 3060 ఎందుకండీ?" కంప్యూటర్ షాపులో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు అడిగితే ముందు వినిపించే మాట ఇదే. నంబర్ పెద్దది, మోడల్ కొత్తది, ఎన్‌విడియా ప్రకటించిన ధర కూడా తక్కువే. 2021 ఫిబ్రవరిలో 3060ని 329 డాలర్లకు తెస్తే, 2023 జూన్‌లో 4060ని 299కే తెచ్చింది. అయినా బేరం అంత తేలిగ్గా తెగదు. ఎందుకంటే పాత కార్డుకు 12 జీబీ మెమరీ ఇచ్చిన కంపెనీ, కొత్తదానికి 8తో సరిపెట్టింది.

ముందు వేగం సంగతి. కుడా కోర్లు, అంటే చిప్‌లో లెక్కలు చేసే చిన్న యూనిట్లు, 3060లో 3584 ఉంటే, 4060లో 3072 మాత్రమే. కోర్లు తగ్గాయని కంగారు పడక్కర్లేదు. శాంసంగ్ 8 నానోమీటర్ పద్ధతిలో చేసిన 3060 చిప్‌కు బూస్ట్ క్లాక్ (ఆ కోర్లు పరుగెత్తే గరిష్ఠ వేగం) 1.78 గిగాహెర్ట్జ్. టీఎస్‌ఎంసీ తయారుచేసిన 4060 చిప్‌కు అది 2.46. కోర్లూ క్లాకూ కలిపి లెక్కేస్తే 3060కి సుమారు 12.7 టెరాఫ్లాప్స్ (సెకనుకు అన్ని లక్షల కోట్ల లెక్కలు), 4060కి 15.1 వస్తాయి. తేడా 19 శాతం. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెర మీద గేములు ఆడించి చూసినా సగటున 15 నుంచి 20 శాతం మధ్యే తేలుతుంది. అంటే 3060 మీద సెకనుకు 60 ఫ్రేములు వచ్చే చోట 4060 మీద 70 వస్తాయి. కొత్తగా కొనేవాళ్లకు ఇది మంచి తేడానే. ఉన్న 3060ని అమ్మేసి 4060 తెచ్చుకునేంత మాత్రం లేదు.

ఇక మెమరీ. చిప్‌కూ మెమరీకీ మధ్య దారి వెడల్పు బస్, ఆ దారిలో సెకనుకు వెళ్లే డేటా బ్యాండ్‌విడ్త్. 3060లో 192 బిట్ బస్, సెకనుకు 360 జీబీ బ్యాండ్‌విడ్త్. 4060లో 128 బిట్, 272 జీబీ. ఇంత తగ్గించినా కొత్త కార్డు ఎలా నెగ్గుకొస్తోందంటే, చిప్‌లోనే ఉండే చిన్న మెమరీ, ఎల్2 క్యాష్ వల్ల. 3060లో అది 3 ఎంబీ, 4060లో 24 ఎంబీ. పొయ్యి పక్కనే పెద్ద పోపుల పెట్టె ఉంటే ప్రతి చిటికెడు ఆవాలకూ సామాన్ల గదికి పరుగెత్తక్కర్లేదు కదా, అదే సూత్రం. కానీ పెట్టె ఎంత పెద్దదైనా గది పెద్దదవదు. గేముకు 10 జీబీ కావాల్సి వస్తే 8 జీబీ కార్డులో చోటు లేదు, అంతే.

చోటు చాలకపోతే ఏమవుతుందో 2023 మార్చిలో పీసీకి వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1' గేమ్ బాగా చూపించింది. టెక్స్‌చర్లు (వస్తువుల మీద అతికించే బొమ్మలు) అన్నిటికంటే పైమెట్టైన అల్ట్రాలో పెట్టగానే 8 జీబీ కార్డులు తడబడ్డాయి. తర్వాత ప్యాచ్‌లతో కొంత బాగుపడింది. ఇలాంటప్పుడు సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) చూసి మోసపోకూడదు. అంకె బాగానే కనిపిస్తుంది, ఆట మాత్రం మలుపు మలుపుకీ ఒక్క క్షణం ఆగి కదులుతుంది. ఇంకొన్ని గేములైతే ఆగవు గానీ, గోడల మీద, బట్టల మీద బొమ్మ మసకబారుతుంది. టెక్స్‌చర్లు ఒక మెట్టు దించితే చాలావరకు సర్దుకుంటుంది. కొత్త కార్డు కొని మొదటి రోజే మెట్టు దించాలంటే మనసొప్పదు, అది వేరే సంగతి.

చాలామంది చూడని చిక్కు ఇంకొకటి ఉంది. కార్డునూ మదర్‌బోర్డునూ కలిపే దారి పీసీఐఈ. 4060 అందులో 8 లేన్లతోనే పనిచేస్తుంది, 3060కి 16 ఉన్నాయి. మీ మదర్‌బోర్డు పీసీఐఈ 4.0 అయితే ఇబ్బంది లేదు. పాత బీ450, హెచ్310 లాంటి 3.0 బోర్డులో 4060 పెడితే, మెమరీ నిండాక సిస్టమ్ ర్యామ్ నుంచి డేటా తెచ్చుకునే దారి సెకనుకు 8 జీబీకి పడిపోతుంది. అదే బోర్డులో 3060కి అది 16. పాత పీసీకి కొత్త ఊపిరి పోద్దామనుకునేవాళ్లే 4060 ఎక్కువగా కొంటారు, ఈ దెబ్బ తగిలేదీ వాళ్లకే.

4060 బాక్సు మీద గట్టిగా ప్రచారం చేసేది డీఎల్‌ఎస్‌ఎస్ 3 ఫ్రేమ్ జనరేషన్‌ను. రెండు అసలు ఫ్రేముల మధ్య ఒకటి పుట్టించి ఇరికిస్తుంది. 3060కి ఇది లేదు. తక్కువ రిజల్యూషన్ బొమ్మను పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్ అప్‌స్కేలింగ్ మాత్రం రెండింటికీ ఉంది. ముందే 60 ఫ్రేములు వస్తుంటే ఫ్రేమ్ జనరేషన్ బాగుంటుంది. 30 వస్తున్న చోట ఆన్ చేస్తే బొమ్మ సాఫీగా కనిపిస్తుంది కానీ మౌస్ బరువెక్కినట్టు ఉంటుంది. పైగా దీనికీ కొంత వీడియో మెమరీ కావాలి. నా లెక్కలో ఇది బోనస్, కొనడానికి కారణం కాదు.

పని కోసం కొనేవాళ్ల లెక్క వేరు. పెళ్లి వీడియోలు కట్ చేసేవాళ్లు డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ రిడక్షన్ వేసి, దానిమీద ఇంకో రెండు ఎఫెక్టులు పెట్టారంటే, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మెమరీ నిండిందన్న మెసేజ్ 8 జీబీలో ముందొస్తుంది. రాత్రికి డెలివరీ ఉన్నప్పుడు ఆ టెన్షన్ ఎవరికి కావాలి? ఏఐ నేర్చుకునే విద్యార్థులకైతే నేను సందేహం లేకుండా 3060 అంటాను. 13 బిలియన్ పారామీటర్ల భాషా మోడల్‌ను 4 బిట్లకు కుదించినా 8 జీబీలో ఇరుకే, 12లో హాయిగా కూర్చుంటుంది. మోడల్ పట్టేదైతే 4060 త్వరగా ముగించవచ్చు, పట్టకపోతే ఆ వేగం దేనికీ పనికిరాదు. యూట్యూబ్ స్ట్రీమింగ్ చేసేవాళ్లకు మాత్రం 4060 మేలు, వీడియోను ఏవీ1 అనే కొత్త ఫార్మాట్‌లో కుదించే ఎన్‌కోడర్ దాన్లోనే ఉంది.

కరెంటులో 4060దే పైచేయి, 170 వాట్లకు బదులు 115. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు మిగిలేది ఆరేడు యూనిట్లే, దాంతో బిల్లేం మారదు. కానీ మే నెలలో ఏసీ లేని గదిలో ఆ 55 వాట్ల వేడి తేడా తెలుస్తుంది. క్యాబినెట్‌తో పాటు వచ్చిన నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌ను (పవర్ సప్లైని) మాత్రం ఏ కార్డుకూ నమ్మకండి.

మొత్తానికి పీసీఐఈ 4.0 బోర్డు ఉండి, 1080పీలో గేములే ముఖ్యమైతే 4060 తీసుకోండి. ఎడిటింగ్, ఏఐ, పాత బోర్డు, వీటిలో ఏది ఉన్నా 3060. 2025లో వచ్చిన 5060 వైపు చూసినా మెమరీ వేగం పెరిగింది కానీ సైజు అదే 8 జీబీ, కాబట్టి ఈ తర్జనభర్జన దానితోనూ తప్పదు.

3060 కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇదే పేరుతో 8 జీబీ కార్డు కూడా ఉంది. దానికి బస్ 128 బిట్, బ్యాండ్‌విడ్త్ 240 జీబీ. పేరు గొప్ప ఊరు దిబ్బ, చవగ్గా ఇచ్చినా వద్దు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనో, ఇంకెక్కడో సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే డబ్బులిచ్చే ముందే కార్డు పెట్టించి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరవండి. మెమరీ సైజు 12288 ఎంబీ, బస్ విడ్త్ 192 బిట్ కనిపించాలి. తర్వాత ఏదైనా బరువైన గేమ్ అరగంట నడిపించి ఫ్యాన్ల చప్పుడు వినండి, ఎందుకంటే 2021, 22లలో ఈ కార్డులు క్రిప్టోకరెన్సీ మైనింగ్‌లో బాగా నలిగాయి.