బిట్‌మ్యాప్ ఫాంట్: వరుసకో బైటు మొదలా, సందు లేని పేర్పా? ఏది మేలు?

కాజీపేట నుంచి వచ్చే బస్సు నుదుటి ఎల్‌ఈడీ బోర్డు మీద ‘హన్మకొండ’ అని వెలగాలి. యూనికోడ్‌లో దానికి 8 కోడ్లు, బోర్డుకు కావలసినవి 6 రూపాలు: హ, న, దాని కింద మ-వత్తు, కొ, సున్నా, డ. ఇలాంటి ఒక్కో రూపమే గ్లిఫ్. గుణింతాలు, వత్తులు అన్నీ కలిస్తే 128 గ్లిఫ్‌లు ఏ మూలకూ చాలవు. 512 గ్లిఫ్‌లు, ఒక్కోటి 12 వెడల్పు, 24 ఎత్తు చుక్కలు అనుకుందాం. చుక్కకో బిట్ చొప్పున ఈ రూపాలను దాచుకునేదే బిట్‌మ్యాప్ ఫాంట్.

పీఎస్‌ఎఫ్2 (లినక్స్ కన్సోల్ ఫాంట్ ఫార్మాట్) ఫైల్లో ప్రతి వరుసా కొత్త బైటుతో మొదలవుతుంది. (12+7)/8, శేషం వదిలేస్తే వరుసకు 2 బైట్లు, గ్లిఫ్‌కు 48, మొత్తం 24,576. సందు లేకుండా పేరిస్తే గ్లిఫ్‌కు 36, మొత్తం 18,432.

పీసీ మీదైతే మొదటిదే మేలు, అనుమానం అక్కర్లేదు. 6 కేబీ కోసం కోడ్‌ను చిక్కు చేసుకోవద్దు. ఫైలును ‘ఆర్‌బీ’ (బైట్లను ఉన్నవి ఉన్నట్టు చదివే బైనరీ) మోడ్‌లోనే తెరవండి. విండోస్‌లో ఉత్తి ‘ఆర్’ పెడితే 13, 10 జంటలో 13 ఎగిరిపోతుంది, ఆ తర్వాతి అక్షరాలన్నీ పక్కకు జరుగుతాయి. మొదటి 4 బైట్లు పీఎస్‌ఎఫ్2 గుర్తైన 114, 181, 74, 134 ఉన్నాయో లేదో చూడండి. గ్లిఫ్‌లు 32వ బైటు నుంచే అని కోడ్‌లో రాసేయకండి, ఫైలు మొదట్లోని వివరాల భాగంలో (హెడర్) హెడర్‌సైజ్ ఫీల్డు చెప్పిన చోటి నుంచి చదవండి. అక్షరానికోసారి ఎఫ్‌సీక్‌తో ఫైల్లో చోటు వెతికే బదులు ఫైలంతా ఒకేసారి మెమరీలోకి తెచ్చుకోవడం నయం. ఎడమ చుక్క బైటులో పై బిట్. తారుమారైతే ప్రతి బైటులోని 8 చుక్కల ముక్క అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది.

బోర్డులో ఏటీమెగా328పీ అనే చిన్న మైక్రోకంట్రోలర్ చిప్ ఉంటే లెక్క మారుతుంది. ప్రోగ్రామూ ఫాంటూ ఉండే ఫ్లాష్ మెమరీ 32 కేబీ. మొదటి పద్ధతిలో ప్రోగ్రాముకు మిగిలేది 8,192 బైట్లు, రెండోదాంట్లో 14,336. ఇక్కడ బిగించి పేర్చాల్సిందే. ఫాంట్ బైట్ల ఎరేను ప్రోగ్‌మెమ్‌తో ఫ్లాష్‌లోనే ఉంచాలి, ఎందుకంటే ర్యామ్ 2 కేబీయే.

తప్పులు జరిగేదీ ఇక్కడే. ఆ చిప్‌లో ఇంట్ (మామూలు పూర్ణసంఖ్య) 16 బిట్లు, గరిష్ఠం 32,767. స్థానాన్ని ఎరే మొదటి నుంచి బిట్లలో లెక్కిస్తే, గ్లిఫ్‌కు 288 బిట్ల చొప్పున 113 × 288 = 32,544. 113వ గ్లిఫ్ కింది వరుసలకొచ్చేసరికి 32,767 దాటిపోయి గీతలు చెదురుతాయి. నంబరును 36తో గుణించి గ్లిఫ్ మొదలు పట్టుకోండి, వరుస × 12 బిట్లు అక్కడి నుంచి లెక్కించండి. 12 వెడల్పుకు ప్రతి వరుసా 2 బైట్లలో ఇముడుతుంది. 11 వెడల్పైతే కొన్ని వరుసలు 3 బైట్ల మీదికి పాకుతాయి. అందుకని ఎప్పుడూ 3 బైట్లు చదివే కోడ్, ఆఖరి గ్లిఫ్ ఆఖరి వరుసలో ఎరే దాటి ఒక బైటు ముందుకు పోతుంది. ఎరే చివర ఒక సున్నా బైటు అదనంగా పెట్టండి.