బ్రౌజరులోంచి ఫోన్ కాల్: అద్దె లైబ్రరీ మేలా, సొంత సర్వరు మేలా?

అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల రైతులకు మేత సరఫరా చేసే కార్యాలయం ఒకటి నెల్లూరులో ఉందనుకుందాం. రైతు ఖాతా తెరిచిన పేజీలోనే మీట నొక్కితే ఫోన్ కలవాలని యజమాని కోరిక. ఇందుకు ఇంటర్నెట్ ద్వారా ఫోన్ కాల్స్ కలిపే ట్విలియో వంటి సంస్థ ఇచ్చే జావాస్క్రిప్ట్ లైబ్రరీని (పేజీలో చేర్చుకునే సిద్ధమైన కోడ్‌ను) అద్దెకు వాడుకోవచ్చు. లేదా జెఎస్‌సిప్ వంటి ఉచిత లైబ్రరీ తెచ్చుకొని, వెనుక ఆస్టరిస్క్ (కాల్స్ కలిపే ఉచిత సాఫ్ట్‌వేర్) సర్వరును మనమే నడుపుకోవచ్చు.

బ్రౌజరు వరకు రెండూ ఒక్కటే. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూత్రీసీ 2021లో ఆమోదించిన వెబ్‌ఆర్‌టీసీ అనే పద్ధతే రెండింటిలోనూ మాటను మోసుకుపోతుంది. పేజీ హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని గుప్తంగా పంపే వెబ్ పద్ధతి) మీద లేకపోతే రెండింటికీ మైకు దక్కదు. తేడా అంతా ఆ తరువాతి దారిలో ఉంది.

అద్దె లైబ్రరీకి మన వెబ్‌సైటు సర్వరు ఒక టోకెన్ (తాత్కాలిక అనుమతి చీటీ) తయారుచేసి ఇచ్చి, ఏ నంబరుకు కలపాలో చెబితే చాలు. కాల్‌ను టెలిఫోన్ నెట్‌వర్క్‌లోకి దించే బాధ్యత ఆ సంస్థదే, అందుకు నిమిషాల లెక్కన వసూలు చేస్తుంది. అయితే రైతు ఫోన్‌లో ఏ నంబరు కనిపిస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే +91తో మొదలుకాని నంబరును చెరువు గట్టు మీదున్న మనిషి ఎత్తడు.

ఆస్టరిస్క్‌కు రూపాయి కట్టనక్కరలేదు గాని, లైసెన్సున్న టెలికాం సంస్థ నుంచి సిప్ ట్రంకు (మన సర్వరును ఫోన్ నెట్‌వర్క్‌కు కలిపే లైను) తీసుకోవడం, రౌటర్ల వెనుక ఉన్న కంప్యూటర్ల మాట వాటిని దాటి వెళ్ళేందుకు మధ్యలో అందుకొని పంపే టర్న్ సర్వరు నిలపడం, సర్వరు గుర్తింపు సర్టిఫికెట్ల గడువు చూసుకోవడం మన నెత్తినే పడతాయి. వీటికంటే భయపడవలసింది బలహీనమైన పాస్‌వర్డుకు: దాన్ని రాత్రికి రాత్రి ఎవరో కనిపెట్టి విదేశాలకు కాల్స్ చేస్తే, తెల్లవారాక బిల్లు మనకే వస్తుంది. లినక్స్ తెలిసిన మనిషి జీతానికి లేని చోట ఈ దారి నేను సూచించను.

పదిమంది హెడ్‌సెట్లు పెట్టుకొని రోజంతా మాట్లాడే కార్యాలయానికి అద్దె లైబ్రరీ సరిపోతుంది. ఇద్దరు గుమాస్తాలే ఉన్నచోట మాత్రం బ్రౌజరులో మాట్లాడే లైబ్రరీయే అనవసరమని నా అభిప్రాయం. మీట నొక్కగానే సర్వరు ముందు గుమాస్తా మొబైలుకు, తరువాత రైతుకు ఫోన్ చేసి ఇద్దరినీ కలిపే సేవలున్నాయి. రెండు కాల్స్‌కూ ఛార్జీ పడుతుంది, నిజమే; కానీ తుఫాను రోజున కార్యాలయంలో కరెంటు, బ్రాడ్‌బ్యాండ్ రెండూ పోయినా, టవరు పనిచేస్తున్నంత వరకు గుమాస్తా తన మొబైలులో అదే పేజీ తెరిచి మీట నొక్కగలడు.