రావి ఆకు ఈనెలు వెండిలో: అచ్చు, పోత, తీగపని – ఏది మేలు?

రావి ఆకును కొన్ని వారాలు నీళ్ళలో నాననిచ్చి మెత్తని బ్రష్షుతో రుద్దితే, పచ్చటి కండ అంతా వదిలిపోయి ఈనెల వల ఒక్కటే మిగులుతుంది. ఆ వలను వెండి నగగా మార్చాలనుకునే కళాకారులకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. రేకు మీద అచ్చు వేయవచ్చు, ఆకునే పోత పోయవచ్చు, లేదా తీగతో ఈనె ఈనెగా కట్టవచ్చు.

మొదటిది తేలిక. కాల్చి మెత్తబరచిన వెండి రేకు మీద ఎండిన వలను పరచి, పైన మరో లోహపు రేకు కప్పి, రోలర్ల మధ్య బిగువుగా ఒకే ఒక్కసారి నడపాలి. రెండోసారి నడిపితే గీతలు జంటలుగా పడి ఆకు చెదురుతుంది. రేకు సాగుతుంది కనుక ఆకు కూడా కొంచెం పొడవవుతుంది. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ఆకు అడుగున ఉబ్బెత్తుగా తగిలే ఈనెలు ఇక్కడ గాడులుగా మారతాయి. గంధకపు ద్రావణంతో నలుపెక్కించి పైపైన మెరుగు పెడితే అందంగానే ఉంటుంది కానీ, అది ఆకు బొమ్మే తప్ప ఆకు నిర్మాణం కాదు.

పోత అంటే వస్తువు చుట్టూ మూస కట్టి, లోపలి వస్తువును కాల్చేసి, ఆ ఖాళీలో కరిగిన వెండిని పోయడం. సరుగుడు కాయ వంటి గట్టి వస్తువులకు దాన్ని మించినది లేదు. ఈనెల వలకు మాత్రం నేను సిఫారసు చేయను. అంత సన్నని సందుల్లో వెండి అంచుల దాకా పారకముందే గడ్డకడుతుంది, పారేలా మైనం పూసి మందం పెంచితే చిన్న ఈనెలు పూడిపోతాయి. మూసలోని ఆకు ఎలాగూ కాలిపోతుంది కనుక, పోత చెడితే అదే ఆకుతో మరో ప్రయత్నం ఉండదు.

2007లో భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, అంటే సన్నని వెండి తీగపని, మూడో దారిని చూపిస్తుంది. కమ్మచ్చులో, అంటే వరుసగా చిన్నవయ్యే రంధ్రాలున్న పలకలో, లాగిన రెండు సన్నని తీగలను పేనితే, అణచిన తరువాత వాటి అంచు రంపపు పళ్ళలా మెరుస్తుంది. లావు తీగతో ఆకు చుట్టుగీత కట్టి, ఈ పేనిన తీగను పటకారుతో వంచుతూ లోపలి గదులు నింపి, వెలిగారం కలిపిన టంకపు పొడి చల్లి మంట చూపిస్తారు. లావు తీగ కాగేలోపే సన్న తీగ కరిగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి మంటను ఒకచోట నిలపకూడదు. ఈ పనిలో ఆకును నకలు తీయడం కుదరదు. వేల ఈనెల్లో ఏ ఇరవైని ఉంచాలో, ఏవి ఎక్కడ కలవాలో చేసేవారే తేల్చుకోవాలి. రూపకల్పన అనేది అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం, అందుకే నా ఓటు తీగపనికి.

అయితే ఉంగరానికి అది పనికిరాదు. రోజూ దెబ్బలు తగిలే చేతికి అచ్చు వేసిన రేకే నయం. తీగపని చీర పోగులను కూడా పట్టుకుంటుంది. చెవికి మాత్రం దాని తేలికదనం వరం. రావి ఆకుకు ప్రాణమైన ఆ పొడవాటి తోకను చూడండి. రేకులో అది గీతగా ఆగిపోతుంది, పోతలో తరచు విరుగుతుంది. తీగపనిలో చుట్టుగీత రెండు కొసలనూ కలిపి పేనితే చాలు, దానంతటదే తోకై వేలాడుతుంది.