హెచ్‌డీఆర్‌ఐ ఆకాశాలు: అందం సరే, మన ఎండ ఏది?

ఇళ్ల ఎలివేషన్ రెండర్లకు, అంటే ఇంటి ముందుభాగం కంప్యూటర్ బొమ్మలకు, కొన్నేళ్లుగా బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో హెచ్‌డీఆర్‌ఐ ఆకాశాలే (వెలుతురు తీవ్రత కూడా నమోదైన చుట్టుచూపు ఫోటోలు) వాడుతున్నాను. ఫోటోషాప్‌లో భవనం వెనక మేఘాల ఫోటో అతికించుకునే అవస్థ తర్వాత ఇవి దొరికితే ప్రాణం లేచొచ్చింది. ఆకాశమూ వెలుతురూ ఒకే బొమ్మ నుంచి వస్తాయి కాబట్టి అద్దాల్లో మేఘం, తెల్లగోడ నీడలో నీలి ఛాయ, పోర్టికో కింద మెత్తని చీకటి వాటంతటవే కుదురుతాయి. పాలీ హేవెన్ వెబ్‌సైట్‌లో ఇవి ఎవరైనా ఎలాగైనా వాడుకోగల సీసీ0 లైసెన్సుతో ఉచితంగా దొరకడం చిన్న ఆఫీసులకు పెద్ద ఆసరా. ఈ మాటల్లో దేన్నీ వెనక్కి తీసుకోను, ఒక్క ఎండ సంగతి తప్ప.

హైదరాబాదులో దక్షిణ ముఖం ఇల్లు ఒకటి చేశాం. రెండర్‌లో ముందుగది కిటికీ వైపే చాలాసేపు చూసి ఇంటి పెద్దాయన, "ఎండంతా లోపలికే వస్తోంది కదమ్మా, ఆ సన్‌షేడ్ ఇంకో అడుగు బయటికి లాగించండి" అన్నారు. సన్‌షేడ్ రెండడుగులు. ఆ ఆకాశంలో సూర్యుడు నడి దక్షిణాన సుమారు 25 డిగ్రీల ఎత్తున ఉన్నాడు, నీడ కిటికీ మీదికి అడుగు కూడా దిగలేదు. హైదరాబాదులో సూర్యుడు నడి దక్షిణాన ఉండేది మధ్యాహ్నమే, డిసెంబరు 21న కూడా అప్పుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అదే సన్‌షేడ్ నీడ రెండడుగులు దాటి దిగుతుంది. జూన్ 21న అయితే నడినెత్తికి ఉత్తరంగా వెళ్తాడు, ఆ గోడకు నేరుగా ఎండే తగలదు. ఏడాదిలో ఏ రోజూ రాని ఎండకు జడిసి ఆయన కాంక్రీటు, ఇనుము ఖర్చు పెంచుకోబోయారు!

హెచ్‌డీఆర్‌ఐని చుట్టూ తిప్పితే సూర్యుడి దిక్కు మారుతుంది, ఎత్తు మారదు. పైకి వంచితే దిగంతం కూడా వాలిపోతుంది. అందుకే ఫోటో లేకుండా లెక్కకట్టి ఆకాశాన్ని గీసే బ్లెండర్ స్కై టెక్స్చర్‌కు మళ్లాను. సన్ పొజిషన్ యాడ్ఆన్‌లో అక్షాంశం, రేఖాంశం, తేదీ, వేళ ఇస్తే సూర్యుడు తన చోట నిలుస్తాడు. డిసెంబరు, జూన్ మధ్యాహ్నాలు రెండూ పక్కపక్కన చూపిస్తే పెద్దాయన మనసు కుదుటపడింది. సన్‌షేడ్ రెండడుగులే ఉంది.

అయితే ఆ ఆకాశంలో మేఘాలు లేవు, బోసిగా ఉంటుంది. ఏ కిరణం కెమెరాదో, ఏది ప్రతిబింబానిదో వేరుచేసే లైట్ పాత్ నోడ్ పెట్టి వెలుతురు స్కై టెక్స్చర్ నుంచి, కెమెరాకు కనిపించే మేఘాలు హెచ్‌డీఆర్‌ఐ నుంచి తీసుకుంటున్నాను. ప్రతిబింబాల కిరణాలను కూడా మేఘాల వైపు కలపకపోతే అద్దాల్లో ఒక ఆకాశం, ఇంటి వెనక మరో ఆకాశం కనిపిస్తాయి. మేఘం అంచు ఎటు మెరుస్తోందో, గోడ మీద నీడ ఎటు పడుతోందో సరిచూసుకోవాలి. వాటంతటవే కుదురుతాయని పైన మెచ్చుకున్న సుఖం ఇక్కడ సగం పోతుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా సొంత ఇల్లు కట్టుకునేవాళ్లు, రెండర్ చూసి మేస్త్రీకి కొలతలు చెప్పేస్తారు. అపార్ట్‌మెంట్ బ్రోచర్లు, సాయంత్రపు దృశ్యాలు, ఇంటీరియర్లు చేసేవాళ్లకు ఇంత శ్రమ అక్కర్లేదేమో, వాటికి నేనూ హెచ్‌డీఆర్‌ఐ ఒక్కటే వాడతాను. పగటి ఎలివేషన్ అయితే మాత్రం సూర్యుణ్ణి నిలబెట్టాకే మేఘాలు వెతుకుతున్నాను.